పృచ్ఛకుల బడి

తార్నాక కూడలి నుంచి హబ్సిగూడ మీదుగా రామంతాపూర్ దాకా కాలినడకన వెళ్ళే ఓపిక ఉన్నవారికి, గంటా గంటంబావులో ఒక శతాబ్దపు విద్యాచరిత్ర కంటబడుతుంది. ఒకవైపు 1918లో ఉర్దూ మాధ్యమంగా, అనగా ఆంగ్లేతర భాషలో ఉన్నత విద్య చెప్పగలమన్న పంతంతో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం. దాని పక్కనే ఆంగ్లోపాధ్యాయుల శిక్షణ నిమిత్తం 1958లో వెలసి, ఇవాళ ఇఫ్లూ అనిపించుకుంటున్న సంస్థ. ఆ తరువాత ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ అనే మూడు పరిశోధనాలయాలు. రామంతాపూర్ చేరేసరికి పాలిటెక్నిక్ కళాశాల, దూరదర్శన్ కేంద్రం. పరిశోధనాలయమంటే ప్రశ్న కోసం కట్టిన ఇల్లే కదా! ఇన్ని ప్రశ్నాలయాల నీడన ఉన్న మన బడులలో మాత్రం పిల్లవాడు నోరు తెరిచి అడిగిన ప్రశ్నలెన్ని? ఆ ప్రశ్నను పలికించడానికంటూ యాభై ఏళ్ళుగా మనం తెచ్చిన యంత్రాలు ఏం చేశాయి? ఈ టపాలో నేను చెప్పదలచుకున్న చరిత్ర అదే.

మొదట ఒక సంగతి స్పష్టం చేయాలి. ప్రశ్న మనకు పరాయిది కాదు. ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుని ఆశ్రయించి ఆరు ప్రశ్నలు అడిగితే ఒక ఉపనిషత్తు ఏర్పడి, దాని పేరే ప్రశ్నోపనిషత్తయింది. అంత దూరం పోనక్కరలేదు. మా పండిత శిక్షణలో పద్యానికి అన్వయం చెప్పే పద్ధతులు రెండుండేవి. పదాలను వచన క్రమంలో వరుసగా పేర్చి చెప్పడం దండాన్వయం. ముందు క్రియను పట్టుకొని, అక్కడి నుంచి ఆకాంక్షను బట్టి ఒక్కొక్క ప్రశ్న వేసుకుంటూ పోవడం ఖండాన్వయం. చేసినదెవరు? ఎటువంటివాడు? దేనిని చేశాడు? ఎందుచేత? ఎప్పుడు? ప్రతి ప్రశ్నకూ పద్యంలోనే ఒక పదం లేచి నిలబడి సమాధానం చెబుతుంది. మొదట గురువు అడుగుతాడు. కొన్నాళ్ళకు శిష్యుడు, ఎదుట గురువు లేకున్నా, కొత్త పద్యం ముందు కూర్చుని తనకు తానే ఆ ప్రశ్నలు వేసుకుంటాడు. చదువు ఒంటబట్టిందనడానికి ఆనవాలు అదే. ప్రశ్న గురువు నోటి నుంచి శిష్యుని మనసులోకి మారాలి. తక్కిన యంత్రాంగమంతా ఈ మార్పు కోసమే.

పాశ్చాత్యులు దీనినే వేరే దారిలో లెక్కించారు. 1956లో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు ఆలోచనను ఆరు మెట్లుగా విభజించారు: జ్ఞాపకం అడుగున, మూల్యాంకనం పైన. మన బి.ఎడ్. విద్యార్థులందరూ ఆ మెట్లను కంఠస్థం చేసినవారే. ఆలోచనా సోపానాన్ని కూడా జ్ఞాపకపు మెట్టు మీదనే నిలబడి నేర్చుకోవడం మనకే చెల్లింది. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ విదుషి తరగతి గదుల సంభాషణలను పరిశీలించి, ఉపాధ్యాయుడు ప్రశ్న వేసిన తరువాత సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నాడని తేల్చారు. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల సమాధానాలు పొడవవుతాయి, వారంతట వారు అడిగే ప్రశ్నలూ పెరుగుతాయి. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో అరవై మందిని, ఆపైన సిలబస్‌ను మోసే మేస్టారికి ఆ మూడు సెకన్లు కూడా బరువే. యంత్రం వల్ల బడికి కలగవలసిన మొదటి మేలు ఇదేనని నా అభిప్రాయం. యంత్రానికి తొందర లేదు, విసుగు లేదు.

ఇక యంత్రాల కథ. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సైట్ అనే ఉపగ్రహ బోధనా ప్రయోగం మన దేశంలో నడిచింది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యాయి. కోళ్ళగూళ్ళకు వాడే తీగవలతో అల్లిన మూడు మీటర్ల ఛత్రాలు పల్లెబడుల పక్కన నిలిచాయి. పొద్దున పిల్లలకు సుమారు 22 నిమిషాల పాఠం. అంతకన్న ముఖ్యమైనది, చాలామంది మరచినది, ఉపాధ్యాయుల శిక్షణ. 1975 అక్టోబరులో సుమారు 24,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్రం ఎలా చెప్పాలో టీవీ, రేడియో, చేతిపనుల పుస్తకాలు కలిపి పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. అనగా పెట్టె పిల్లవాడికి చేరకముందే పంతులుకు చేరాలన్న తెలివి ఆనాటివారికి ఉంది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలయింది. రామంతాపూర్ పేరు తెలుగువారి ఇళ్ళల్లో పరిచితమయింది ఆ కేంద్రం వల్లనే. అయితే టీవీకి ఒక పుట్టు లోపం ఉంది. అది చెబుతుంది, వినదు. పిల్లవాడికి సందేహం వచ్చే లోపల పాఠం ముగిసి వార్తలు మొదలవుతాయి.

వినే యంత్రం రావడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం చేపట్టి, తొలి విడతలో 250 పాఠశాలలకు బ్రిటన్ నుంచి బీబీసీ మైక్రో కంప్యూటర్లు తెప్పించి ఇచ్చింది. అప్పటికే సీమర్ పాపర్ట్ 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథం (1980) వెలువడింది. 1967లో ఆయనా సహచరులూ రూపొందించిన లోగో అనే భాషలో ఒక తాబేలు ఉంటుంది. పిల్లవాడు చెప్పినంత దూరం నడుస్తుంది, చెప్పినంత తిరుగుతుంది. చతురస్రం గీయమంటే దానికి తెలియదు. ఎన్నడుగులు, ఎంత మలుపు, ఎన్నిసార్లు అన్నది పిల్లవాడే చెప్పాలి. తప్పు చెబితే తప్పు బొమ్మ వస్తుంది. అప్పుడు పిల్లవాడు తనను తాను అడుగుతాడు: నేనేమన్నాను, ఇది ఎందుకిట్లా పోయింది? ఇది ఖండాన్వయమే కదా అని నాకు తోచింది. క్రియ నుంచి వెనక్కి ప్రశ్నించుకుంటూ పోవడమే. పాపర్ట్ మాట సారాంశం: కంప్యూటరు పిల్లవాణ్ణి నడపడం కాదు, పిల్లవాడు కంప్యూటరును నడపాలి.

మన బడులలో మాత్రం కంప్యూటరు ఒక ఆలోచనా సాధనంగా గాక, ఒక పాఠ్యవిషయంగా ప్రవేశించింది. సీపీయూ అనగానేమి, దాని భాగములెవ్వి, అబాకస్‌ను ఎవరు వాడిరి? ఈ ప్రశ్నలకు జవాబులు వల్లించడానికి యంత్రమే అక్కరలేదు. చాలాచోట్ల యంత్రం గుడ్డ కప్పుకొని తాళం వెనుక ఉంది. విచిత్రమేమిటంటే, యంత్రం ఏదీ లేని మరొక ప్రయత్నం అదే కాలంలో మన రాష్ట్రంలో ఎక్కువ దూరం పోయింది. బ్రిటిష్ సహాయంతో 1980ల మధ్యలో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 తరువాత రాష్ట్రమంతటా విస్తరించిన ప్రాథమిక విద్యా పథకాన్ని పాతతరం ఉపాధ్యాయులు అప్పెప్ అని పిలుచుకుంటారు. దాని సూత్రాలు ఆరు. చేసి నేర్చుకోవడం, జట్లుగా పనిచేయడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడమీద ప్రదర్శించడం వంటివి అందులో ఉన్నాయి. చింతపిక్కలు, అగ్గిపుల్లలు, ఆకులు తప్ప వేరే పరికరాలు లేవు. ఉపాధ్యాయ కేంద్రాలలో పంతుళ్ళు కలుసుకుని తమ తరగతుల గురించి తామే మాట్లాడుకోవడం దాని అసలు బలం.

2000 సంవత్సరంలో ఇంటెల్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా, మన దేశంతో సహా, ఉపాధ్యాయ శిక్షణ ఒకటి ప్రారంభించింది. దాని పాఠ్యప్రణాళికకు వెన్నెముక కంప్యూటరు కాదు, ప్రశ్న. ఉపాధ్యాయుడు ఏ పాఠానికైనా మూడంచెల ప్రశ్నలు తయారుచేసుకోవాలి. అడుగున విషయ ప్రశ్నలు. వీటికి పుస్తకంలో జవాబుంటుంది. మధ్యన ఆ పాఠానికి సంబంధించిన విచారణ ప్రశ్నలు. పైన మౌలిక ప్రశ్న. దానికి ఒకే జవాబుండదు, ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై అనే విద్యావేత్తలు 1998లో ప్రచురించిన పుస్తకం ద్వారా ఈ ఆలోచన బాగా ప్రచారంలోకి వచ్చింది.

రామంతాపూర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 'మన ఊరి చెరువు' అనే పాఠం ఉన్నదనుకోండి. చెరువు వల్ల ప్రయోజనాలేమి? ఇది విషయ ప్రశ్న. గంటలో ముగుస్తుంది. రామంతాపూర్ చెరువు మన తాతల నాడు ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది, నడుమ ఏం జరిగింది? ఇది విచారణ ప్రశ్న. ఇక్కడ కంప్యూటరుతో నిజంగా పని పడుతుంది. ఉపగ్రహ చిత్రాలను సంవత్సరాల వారీగా పక్కపక్కన పెట్టి చూడవచ్చు, వైశాల్యం కొలవవచ్చు, పట్టికలో వేసుకోవచ్చు, పెద్దలు చెప్పినదానితో సరిచూడవచ్చు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలకు హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీలు ఎందుకు మునిగాయో అప్పుడు పిల్లవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆపైన మౌలిక ప్రశ్న తనంతట తానే వస్తుంది: ఊరు పెరగడమంటే ఏమిటి? నీటి చోటు ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు ఏ గైడులోనూ లేదు. మధ్య మెట్టు లేకుండా పై మెట్టుకు ఎక్కలేమనీ, మధ్య మెట్టు దగ్గరే యంత్రం చేయి అందిస్తుందనీ ఈ పద్ధతి నేర్పిన పాఠం.

మంచి పద్ధతి. మరి ఫలించిందా? శిక్షణ పొందినవారి సంఖ్య ఘనంగానే పెరిగింది. కాని ఆనాటి శిక్షణలను ఒక్కటని గాక స్థూలంగా చూస్తే, ప్రశ్న తయారుచేయడం కష్టం, స్లైడు తయారుచేయడం సులభం. అక్షరాలు ఎగురుతూ వచ్చి వాలే ప్రదర్శన చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోయినవారే ఎక్కువ. దానికి తోడు భాష ఒక గోడ. పిల్లవాడికి సందేహం తెలుగులో వస్తుంది, యంత్రం ఆంగ్లంలో అడగమంటుంది. ఆంగ్లం రాని పిల్లవాడి ప్రశ్న ప్రశ్న కాకుండా పోయింది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చి, 2003లో తెలుగు వికీపీడియా మొదలై, లేఖిని వంటి పరికరాలు చేతికి అందేదాకా సామాన్య ఉపాధ్యాయుడికి ఆ గోడ కదలలేదు. ఈ చరిత్రలో మన తొలితరం బ్లాగరులకూ ఒక పాలుందని సగర్వంగా చెప్పుకోవచ్చు. వెతికితే దొరికే తెలుగు పేజీ లేనిదే తెలుగులో వెతికే పిల్లవాడు ఉండడు.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో అయిదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటరు గదులు వచ్చాయి. ప్రైవేటు సంస్థలు యంత్రాలు నెలకొల్పి, బోధకులను నియమించి, అయిదేళ్ళు నడిపి అప్పగించే ఏర్పాటు. ఆ బోధకులలో శ్రద్ధగల యువతీయువకులు ఎందరో ఉన్నారు. అయినా ఏర్పాటులోనే ఒక చీలిక ఉంది. కంప్యూటరు గది బోధకునిది, తరగతి గది పంతులుది. సోషల్ మేస్టారు, తెలుగు పండితుడు, లెక్కల టీచరమ్మ ఆ గదికి అతిథులు. 2013లో గడువు తీరి బోధకులు వెళ్ళిపోయాక, తమవి అనుకోని యంత్రాలను నడిపేవారు లేక అవి మూలపడ్డాయి. ఆనాడు సైట్ ప్రయోగం పంతులునే ముందు నిలబెట్టింది; మూడు దశాబ్దాల తరువాత మనం పంతులును గది బయట నిలబెట్టాం.

అసలు పంతులే అవసరం లేదన్న వాదమూ మన నగరంలో పరీక్షకు వచ్చింది. 1999లో ఢిల్లీలోని కాల్కాజీలో గోడకు కంత పెట్టి కంప్యూటరు అమర్చిన సుగతా మిత్రా, 2009 ప్రాంతంలో హైదరాబాదులోని కొన్ని బడులలో పిల్లలు తమంతట తాము గుంపుగా నేర్చుకునే గదులు ఏర్పరిచారు. బ్రిటన్‌లోని పెద్దవారు స్కైప్ ద్వారా ఆ పిల్లలతో మాట్లాడేవారు. అమ్మమ్మల మాదిరిగా, పాఠం చెప్పకుండా, 'అబ్బ, ఇది ఎట్లా చేశావు నాన్నా?' అని ఆశ్చర్యపోవడమే వారి పని. దీనిపై విమర్శలు చాలా ఉన్నాయి; పెద్దల పూచీ లేని చోట యంత్రాలు పాడైపోయాయనీ, బలమైన పిల్లలే మౌస్ పట్టుకున్నారనీ పరిశీలకులు రాశారు. ఆ విమర్శలు న్యాయమైనవే. కాని ఒకటి గమనించాలి. పంతులు వద్దన్న ప్రయోగం కూడా చివరకు ఒక అమ్మమ్మను వెతుక్కుంది. ప్రశ్నకు వినే చెవి కావాలి.

2011 రాష్ట్ర విద్యా ప్రణాళికతో వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాలు ఈ దారిలో పెద్ద అడుగు. విజ్ఞానశాస్త్రంలో 'ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం' ఒక విద్యా ప్రమాణమయింది. తెలుగు వాచకంలో 'వినడం' పక్కన 'ఆలోచించి మాట్లాడడం' చేరింది. పిల్లవాడి ప్రశ్నకు పరీక్షలో మార్కులు! వినడానికి ఎంత ఇంపుగా ఉంది! ఫలానా విషయం తెలుసుకోవడానికి నీవు నిపుణుణ్ణి ఏయే ప్రశ్నలు అడుగుతావు అని ప్రశ్నపత్రం అడగసాగింది. ఏడాది తిరక్కుండానే గైడులు ఆ ప్రశ్నలను కూడా అచ్చువేసి అమ్మాయి. పిల్లలు నాలుగేసి ప్రశ్నలను బట్టీపట్టి, ప్రశ్నార్థక చిహ్నంతో సహా ఒప్పజెప్పారు. తనకు లేని సందేహాన్ని వల్లించి మార్కులు తెచ్చుకోవడం! పరీక్ష మారకుండా యంత్రాన్ని మార్చినా, యంత్రం మారకుండా పరీక్షను మార్చినా ఫలితం ఒక్కటేనని అప్పుడు తేలిపోయింది.

తెలంగాణ ఏర్పడిన తరువాత, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి చేపట్టిన క్లిక్స్ ప్రయోగం ఇక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు వచ్చింది. తెలంగాణతో పాటు రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం రాష్ట్రాలలో అది నడిచింది. 2017 సంవత్సరానికి యునెస్కో పురస్కారం పొందింది. దానిలోని ఒక ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఒక్కో యంత్రం ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు కూర్చుంటారు. యంత్రాలు చాలక కాదు, పిల్లలు తమలో తాము వాదించుకోవాలని. జ్యామితి పాఠంలో లోగో తాబేలు మళ్ళీ ప్రత్యక్షమయింది. పాఠం చెప్పేది బయటి బోధకుడు కాదు, ఆ బడి లెక్కల ఉపాధ్యాయుడే. 1975లో తెలిసి, 2008లో మరచినది మళ్ళీ గుర్తుకు వచ్చిందన్నమాట. 2015లో ఓఈసీడీ వెలువరించిన నివేదిక కూడా ఇదే చెప్పింది: బడులలో కంప్యూటర్లపై విస్తారంగా ఖర్చుపెట్టిన దేశాలలో చదువు, గణితం, విజ్ఞానశాస్త్రాలలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు.

2020 సెప్టెంబరు 1న, బడులు మూతపడి ఉన్న కాలంలో, యాదగిరి చానలు, టీశాట్ ద్వారా తెలంగాణ పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. రామంతాపూర్ నుంచి మళ్ళీ పెట్టె చెప్పింది, పిల్లవాడు విన్నాడు. ఆపత్కాలంలో అది గొప్ప సేవ, సందేహం లేదు. కాని పిల్లలు తిరిగి బడికి వచ్చినప్పుడు వారు అడగడం మరచిపోయారని చాలామంది ఉపాధ్యాయులు వాపోయారు. అంతలో 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఇది తెలుగులో అడిగినా పలుకుతుంది. వ్యాసం రాయమంటే రాస్తుంది. అంతటితో ఆగక, 'ఈ పాఠంపై అయిదు ఆలోచనాత్మక ప్రశ్నలు ఇవ్వు' అంటే అవీ ఇస్తుంది. గైడు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చిందని చెప్పవచ్చు.

అయితే ఏం చేయాలి? మన అవధాన సభను ఒక్కసారి తలచుకోండి. అవధాని ఎంతటి ధారణాశాలి అయినా, సభ రక్తికట్టేది పృచ్ఛకుని వల్ల. చప్పని సమస్య ఇస్తే చప్పని పూరణే వస్తుంది. నిషిద్ధాక్షరిలో అవధాని తరువాత ఏ అక్షరం వేయబోతున్నాడో పృచ్ఛకుడు ముందే ఊహించి అడ్డుకోవాలి. అందుకు అతనికీ ఛందస్సు, వ్యాకరణం, పదసంపద ఉండాలి. ఏమీ తెలియనివాడు పృచ్ఛకుడు కాలేడు. ఇవాళ ప్రతి పిల్లవాడి చేతిలోనూ అలసట ఎరుగని అవధాని ఒకడున్నాడు. తప్పు చెప్పినా తడబడకుండా చెబుతాడు, అదే ప్రమాదం. ఇక బడి చేయవలసిన పని పృచ్ఛకులను తయారుచేయడమే.

దానికి పెద్ద పథకం అక్కరలేదు, కొన్ని చిన్న నియమాలు చాలు. యంత్రాన్ని తాకకముందు పిల్లవాడు తన ప్రశ్నను, తన ఊహను కాగితం మీద రాయాలి. జవాబు వచ్చాక 'ఇది నిజమని నీకెలా తెలుసు?' అని యంత్రాన్నీ, తననూ, పక్కవాణ్ణీ అడగాలి. జవాబులో కనీసం ఒక్క మాటనైనా బయటి ప్రపంచంతో, అనగా చెరువు గట్టుతోనో, తాతయ్య జ్ఞాపకంతోనో, మరో పుస్తకంతోనో సరిచూడాలి. చివరగా, జవాబు వల్ల పుట్టిన కొత్త ప్రశ్నను రాసి పెట్టుకోవాలి. ఈ నాలుగింటికీ కలిపి ఒక పీరియడ్ పడుతుంది. పంతులు చేయవలసింది ప్రశ్నకూ ప్రశ్నకూ నడుమ మౌనంగా ఆగడం. ఆ ఆగడాన్ని నేర్పే శిక్షణ, దానికి సమయమిచ్చే సిలబస్, దానిని గుర్తించే పరీక్ష మూడూ కలిసి మన బడులకు ఇంతవరకు అందలేదు. అవి అందిన నాడు యంత్రం పాతదా కొత్తదా అన్నది పెద్ద విషయం కాదు.